కీటో చేస్తే గ్రోత్ హార్మోన్ పెరుగుతుందా?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది కావలి దగ్గర పల్లె. వయసు 41, ఎత్తు 168 సెంటీమీటర్లు. గుంటలు లీజుకు తీసుకుని వనామి రొయ్య వేస్తుంటాను. షుగర్ వచ్చి నాలుగేళ్ళయింది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడుతున్నాను. మూడు నెలల కిందట 101 కిలోలు ఉండేవాణ్ణి. జిమ్ కోచ్ చెప్పినట్టు కీటో మొదలుపెట్టాను. అన్నం, ఇడ్లీ, దోశ అన్నీ బంద్. పొద్దున బ్లాక్ కాఫీలో రెండు పెద్ద చెంచాల నెయ్యి, తర్వాత గుడ్లు, చికెన్, పనీర్, రోజంతా కలిపి ఆరేడు చెంచాల కొబ్బరినూనె. మొదటి పది రోజుల్లోనే 4 కిలోలు పోయాయి. రెండు నెలలకు 93కి వచ్చాను. ఆ తర్వాత నెల రోజులుగా కాటా ముల్లు కదలడం లేదు.

కోచ్‌ని అడిగితే గ్రోత్ హార్మోన్ తక్కువగా ఉండుంటుంది, టెస్ట్ చేయించండి అన్నాడు. నెల్లూరులో ఒక ల్యాబ్‌లో చేయిస్తే 0.08 అని వచ్చింది. వారానికి రెండు రోజులు వరసగా ఉపవాసం ఉంటే హార్మోన్ ఐదింతలవుతుందట. అప్పటికీ బరువు తగ్గకపోతే ఇంజెక్షన్ కోర్సు తనే తెప్పిస్తానంటున్నాడు. ఇంకొకటి, మా అబ్బాయికి 13 ఏళ్ళు. క్లాసులో అందరికన్నా పొట్టి. వాడికీ ఇదే డైట్ పెడితే హార్మోన్ పెరిగి ఎత్తు వస్తాడా? మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. ఇంటికొచ్చి పడుకున్న రోజు నీ గురక వీధి చివరిదాకా వినపడుతుంది, ముందు దాని సంగతి చూసుకో అంటుంది. సీజన్లో నా పడకంతా గట్టు మీద షెడ్డులోనే. ఈ మధ్య రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయి. చేపల పులుసు కూడా మానెయ్యాలా? పేరు వేయొద్దు.
(కావలి ప్రాంతపు పాఠకుడు)

సమాధానం: మీరు నాలుగు ప్రశ్నలు అడిగారు. వాటన్నిటికంటే ముందు మాట్లాడాల్సింది మీరు అడగని సంగతి, మీ మాత్రలు. ఈ జవాబు మొత్తం చదివే ఓపిక లేకపోతే ఈ ఒక్క భాగమైనా చదివి, మీ షుగర్ డాక్టర్‌కి ఫోన్ చేయండి.

డాపాగ్లిఫ్లోజిన్ పని ఒంట్లో ఎక్కువైన చక్కెరను మూత్రంలోకి పంపేయడం. మంచి మందే. గుండెకు, కిడ్నీలకు మేలు చేస్తుందని తేలింది. 2020లో పేటెంట్ గడువు తీరి జనరిక్‌లు వచ్చాక ధర దిగింది, చిన్న ఊళ్ళ మందుల షాపుల్లో కూడా దొరుకుతోంది. అయితే ఈ మాత్ర శరీరాన్ని కొద్దిగా కీటోన్ల తయారీ వైపు నెడుతుంది. చక్కెరకు బదులు కొవ్వు కాలినప్పుడు పుట్టే పదార్థాలే కీటోన్లు. మీరేమో కీటో పేరుతో అన్నం పూర్తిగా మానేసి అదే వైపు ఇంకా గట్టిగా నెడుతున్నారు. రెండూ కలిస్తే కీటోన్లు హద్దు దాటి రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది. దాన్నే కీటోయాసిడోసిస్ అంటారు. మామూలుగా ఈ జబ్బులో షుగర్ నాలుగైదు వందలు చూపిస్తుంది కాబట్టి అందరికీ అనుమానం వస్తుంది. ఈ మాత్ర వేసుకునేవాళ్ళలో షుగర్ 180, 200 దగ్గరే ఉండి లోపల గొడవ ముదిరిపోవచ్చు. గ్లూకోమీటర్ చూసి 'షుగర్ బాగానే ఉందిలే' అనుకుంటారు. వాంతులు, కడుపునొప్పి, విపరీతమైన నీరసం, ఆయాసం కనిపిస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవద్దు. నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళండి. ఈ మాత్ర వాడుతున్నానని, కీటోలో ఉన్నానని మీరే నోరు తెరిచి చెప్పి, కీటోన్ పరీక్ష చేయమని అడగండి.

గ్లిమిపిరైడ్ ఇంకో రకం తలనొప్పి. మీరు తిన్నారా లేదా అని అది చూడదు, ఇన్సులిన్‌ని విడుదల చేయిస్తూ పోతుంది. అన్నం మానేసిన మనిషికి పాత డోసే నడుస్తుంటే షుగర్ కిందికి పడిపోతుంది. రాత్రి రెండు గంటలకు గట్టు మీద ఒక్కరే టార్చిలైటు పట్టుకుని రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగుతున్నప్పుడు చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరిగితే పక్కన పట్టుకునేవాళ్ళెవరు? ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ కరెంటు వైర్లు. ఆ రెండు రోజుల ఉపవాసం మాట ఇక ఎత్తొద్దు. ఏ మాత్ర ఆపాలో, ఏది తగ్గించాలో మీ డాక్టరే చెప్పాలి, ఉత్తరం చూసి నేను చెప్పేది కాదు. ఆయన్ని కలిసేదాకా పూటకో కప్పు అన్నం తినండి. కీటో చెడితే చెడింది.

ఇక 0.08 సంగతి. ఆ కాగితం మీద మీరు పెట్టుకున్న టెన్షన్ అంతా దండగ.

గ్రోత్ హార్మోన్ మెదడు కింద బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వస్తుంది. కుళాయి నీళ్ళలా ఒకే ధారగా రాదు. కాసేపు ఎగదన్నుకొచ్చి, మళ్ళీ గంటల తరబడి జాడే ఉండదు. రక్తంలోకి వచ్చింది కూడా పావుగంట, ఇరవై నిమిషాల్లో సగమైపోతుంది. అన్నిటికన్నా పెద్ద కెరటం రాత్రి నిద్ర పట్టిన మొదటి గంటల్లో, గాఢనిద్రలో వస్తుంది. ల్యాబ్‌లో పగటిపూట సూది గుచ్చి తీసిన రక్తంలో 0.08 రావడం వింత కాదు. పూర్తి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకీ అలాగే వస్తుంది. గుంటలో డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ సంగతి మీకు నేను చెప్పేదేముంది? మధ్యాహ్నం మూడింటికి మీటర్ పెట్టి బాగుందని, తెల్లవారుజామున నాలుగింటికి పెట్టి గుంట పోయిందని ఎవరూ తేల్చరు కదా. ఈ హార్మోన్ని ఒక్కసారి కొలవడం అంతకంటే దారుణం. అందుకే నిజంగా అనుమానం ఉన్నప్పుడు దీన్ని నేరుగా కొలవం. దీని ప్రభావంతో లివర్ తయారుచేసే ఐజీఎఫ్-1 అనే పదార్థాన్ని చూస్తాం. అది రోజంతా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఇంకా అవసరమైతే మందు ఇచ్చి హార్మోన్ని రెచ్చగొట్టి, గంటల పాటు పలుసార్లు రక్తం తీసే పరీక్ష చేస్తాం.

పెద్దవాళ్ళలో నిజమైన గ్రోత్ హార్మోన్ లోపం అరుదు. పిట్యూటరీలో గడ్డ, దానికి ఆపరేషన్ లేదా రేడియేషన్, తలకు పెద్ద దెబ్బ, ఆడవాళ్ళలో కాన్పు సమయంలో విపరీతమైన రక్తస్రావం లాంటి వెనకటి కథ ఏదో ఒకటి ఉంటుంది. మీ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు. లావుగా ఉన్నవాళ్ళలో, ముఖ్యంగా పొట్ట చుట్టూ కొవ్వు ఉన్నవాళ్ళలో, ఈ హార్మోన్ తక్కువగా వస్తుంది, వచ్చింది కూడా తొందరగా ఖర్చవుతుంది. ఇది మాత్రం నిజం. అంటే మీ కోచ్ బండిని గుర్రానికి ముందు కట్టాడు. హార్మోన్ తగ్గి పొట్ట రాలేదు, పొట్ట వచ్చి హార్మోన్ తగ్గింది. బరువు తగ్గితే అది తనంతట తనే చాలావరకు కోలుకుంటుంది. మీకు 8 కిలోలు తగ్గాయంటే ఆ పని ఈపాటికే మొదలైందన్నమాట.

ఉపవాసంలో ఐదింతలవుతుందన్న మాట కోచ్ గాల్లోంచి పుట్టించింది కాదు. రెండు రోజులు ఏమీ తినకుండా ఉంచి, రాత్రింబవళ్ళు కొద్ది నిమిషాలకోసారి రక్తం తీసి చూసిన పరిశోధన 1992లో వచ్చింది. అందులో హార్మోన్ ఇంచుమించు ఐదింతలైన మాట వాస్తవం. వీడియోలు చేసేవాళ్ళు అక్కడే ఆగిపోతారు. ఎందుకు పెరిగిందని అడగరు.

ఇది తిండి దొరకని రోజుల కోసం ఒంట్లో ఉన్న ఏర్పాటు. తిండి లేనప్పుడు కండ కరిగిపోకుండా, మెదడుకు చక్కెర కరువవకుండా చూస్తూ నిల్వ ఉన్న కొవ్వును బయటికి లాగడం అప్పుడు ఈ హార్మోన్ పని. అదే సమయంలో లివర్ దీని మాట వినడం మానేస్తుంది, ఐజీఎఫ్-1 పడిపోతుంది. తిండే లేనప్పుడు ఒళ్ళు పెంచుకోవడం శరీరానికి ఎలా కుదురుతుంది? తీవ్రమైన పోషకాహార లోపంతో కాళ్ళు వాచి, జుట్టు రంగు మారిన పిల్లల రక్తంలో గ్రోత్ హార్మోన్ ఎక్కువగానే ఉంటుంది. కానీ ఆ పిల్లలు పెరగరు. హార్మోన్ అంకె పెద్దదైతే మేలే అనుకునేవాళ్ళకి నేను చెప్పే మొదటి ఉదాహరణ ఇదే.

కీటోలో లెక్క ఇంకా చిక్కు. పిండిపదార్థం తగ్గి ఇన్సులిన్ తగ్గడం హార్మోన్‌కి ఒక వైపు ఊతమిస్తే, రక్తంలో పెరిగిన కొవ్వు ఆమ్లాలు దాన్ని ఇంకో వైపు అణిచిపెడతాయి. కాబట్టి కీటో చేస్తే హార్మోన్ పెరిగి, అది బొజ్జ కరిగిస్తుందన్న సూత్రం వినడానికి ఎంత బాగున్నా శరీరం అంత తిన్నగా నడవదు. మీరు షుగర్ పేషెంటు కనుక ఒకటి గుర్తుంచుకోండి. గ్రోత్ హార్మోన్ ఇన్సులిన్‌కి ఎదురుగా పనిచేస్తుంది, షుగర్‌ని పెంచుతుంది. రాత్రి ఏమీ తినకపోయినా పరగడుపున షుగర్ ఎక్కువ చూపిస్తోందేమిటని చాలామంది అడుగుతుంటారు. రాత్రి వచ్చిన ఈ హార్మోన్ కెరటానికి కూడా అందులో వాటా ఉంది.

మరి బరువెందుకు ఆగింది? మొదటి పది రోజుల్లో పోయిన 4 కిలోల్లో సగానికి పైగా నీళ్ళే. మన కండరాల్లో, లివర్‌లో పిండిపదార్థం అరకిలో దాకా నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము తనతో పాటు మూడు గ్రాముల నీళ్ళను పట్టుకుని కూర్చుంటుంది. అన్నం మానగానే ఆ నిల్వ ఖర్చయి నీళ్ళు బయటికి పోతాయి. కాటా ముల్లు గబగబా దిగుతుంది. మనిషికి ఊపు వస్తుంది, పక్కింటాయన కూడా మొదలుపెడతాడు. కొన్నేళ్ళ కిందట కొబ్బరినూనె డైట్ మన ఊళ్ళన్నీ చుట్టేసినప్పుడు నూనె డబ్బాలు మోసుకుపోయిన ఉత్సాహమంతా ఈ మొదటి వారం మహిమే. నీళ్ళతో పాటు ఉప్పు కూడా పోతుంది. ఎండలో గట్ల మీద తిరిగే మనిషికి చెమటలో ఇంకొంత పోతుంది. మీ పిక్కలు పట్టేయడానికి చాలావరకు అదే కారణం. బీపీ లేకపోతే మజ్జిగలో ఉప్పు వేసి, గూడూరు నిమ్మకాయ ఒకటి పిండుకుని తాగండి. అప్పటికీ తగ్గకపోతే పొటాషియం, మెగ్నీషియం చూపించుకోండి.

నీళ్ళు పోగా మిగిలిన నాలుగైదు కిలోలు నిజమైన కొవ్వు. అదీ మీ కష్టమే, కాదనను. కానీ ఇప్పుడు కరగాల్సిన కొవ్వును మీరే గిన్నెతో తిరిగి పోస్తున్నారు. పెద్ద చెంచా నూనె అంటే దాదాపు 120 కేలరీలు. మీ కాఫీలో నెయ్యి, రోజంతా తాగే కొబ్బరినూనె కలిపితే తొమ్మిది చెంచాలు. వెయ్యి కేలరీలు దాటాయి. ముప్పావు కిలో వండిన అన్నంలో ఉండేది ఇంచుమించు అంతే. అంత అన్నం ఒక్క రోజులో అదనంగా తింటున్నానంటే మీ కోచ్ జిమ్ మెట్లు ఎక్కనిచ్చేవాడు కాదు. కీటోన్లు వస్తున్నంత మాత్రాన పొట్ట మీది కొవ్వే కాలుతోందని కాదు, తాగిన నూనె నుంచి కూడా కీటోన్లు వస్తాయి.

కీటోని నేను తిట్టడం లేదు. ఈ ఆహారం పుట్టింది బరువు కోసం కాదు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో మూర్ఛరోగుల కోసం దీన్ని ప్రతిపాదించారు. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు ఇప్పటికీ ఆసుపత్రి పర్యవేక్షణలో ఇస్తారు. బరువు విషయంలో మొదటి ఆరు నెలలు కాస్త ముందుంటుంది. ఏడాది గడిచేసరికి మిగతా పద్ధతులు అందుకుంటాయి. 2018లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 609 మందిని రెండు జట్లు చేసి, ఒకరికి కొవ్వు తగ్గించి, ఇంకొకరికి పిండిపదార్థం తగ్గించి ఏడాది పాటు చూశారు. మొదటి జట్టు సగటున 5.3 కిలోలు, రెండోది 6 కిలోలు తగ్గింది. చెప్పుకోదగ్గ తేడా కాదని వాళ్ళే రాశారు. మీకు పనికొచ్చేది ఇంకొకటుంది. బ్రిటన్‌లో షుగర్ వచ్చి ఆరేళ్ళు దాటని వాళ్ళకి కేలరీలు బాగా తగ్గించిన ఆహారం ఇచ్చారు, అది కీటో కాదు. ఏడాదికి 15 కిలోలు, అంతకంటే ఎక్కువ తగ్గినవాళ్ళలో నూటికి 86 మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. మీరు 101 నుంచి 86కి వస్తే అదే 15 కిలోలు. మీకు షుగర్ వచ్చి నాలుగేళ్ళే. అందరికీ అలాగే జరుగుతుందని హామీ ఇవ్వలేను గానీ, గురి పెట్టాల్సింది ఈ అంకె మీద, 0.08 మీద కాదు.

ఇంజెక్షన్ విషయంలో ఒకటే మాట, వద్దు. ఎందుకో కొంచెం చెబుతాను. ఈ హార్మోన్ని 1985 దాకా చనిపోయినవాళ్ళ పిట్యూటరీల నుంచి తీసేవారు. దాని వల్ల కొందరికి మెదడు జబ్బు సోకిందని తెలిసి ఆపేశారు. అదే ఏడాది ప్రయోగశాలలో తయారైన హార్మోన్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది. ఇక కొరత తీరింది. 1990లో అరవై దాటిన 12 మంది మగవాళ్ళకు ఆరు నెలలు ఇచ్చి, కొవ్వు తగ్గింది, కండ పెరిగిందని ఒక పత్రిక ప్రచురించింది. యవ్వనం అమ్ముకునేవాళ్ళందరూ ఆ పన్నెండు మందినే చూపించి దుకాణం తెరిచారు. తర్వాత వచ్చిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, ఆరోగ్యవంతులకు పెరిగిందనుకున్న కండలో చాలావరకు నీరే, బలం పెరగలేదు. కాళ్ళ వాపులు, కీళ్ళనొప్పులు, చేతివేళ్ళ తిమ్మిర్లు మాత్రం వచ్చాయి, షుగర్ పెరిగింది. మూడు రకాల మాత్రలు వేసుకుంటూ షుగర్‌ని అదుపులో పెట్టుకునే మీరు డబ్బులిచ్చి దాన్ని పెంచుకుంటారా? పైగా ఆ సీసాని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉంచాలి. ఎవరి బ్యాగులో ఎన్ని ఎండలు కాసి వస్తుందో, అసలు అందులో ఉన్నది హార్మోనేనో కాదో ఎవరు చూడొచ్చారు? జిమ్‌లో బరువులు ఎలా ఎత్తాలో కోచ్ దగ్గర నేర్చుకోండి. సూది మందు మాత్రం ఆయన పని కాదు.

మీ అబ్బాయి విషయంలో మీ ఆవిడదే రైటు. మూర్ఛ కోసం ఏళ్ళ తరబడి కీటో ఆహారం మీద ఉన్న పిల్లల్లో కనిపించే ఇబ్బందుల్లో ఒకటి ఎత్తు పెరగడం మందగించడం. వాళ్ళలో ఐజీఎఫ్-1 తగ్గుతుంది. జబ్బు తీవ్రతను బట్టి ఆ నష్టాన్ని డాక్టర్లు తెలిసే ఒప్పుకుంటారు. ఏ జబ్బూ లేని కుర్రాడికి, అదీ పదమూడో ఏట, ఎదిగే వయసులో అన్నం మాన్పించడం అంటే మీరు కోరేదానికి సరిగ్గా ఎదురుగా వెళ్ళడం. వాడికి అన్నం, పప్పు, రోజూ గుడ్డు, రెండు గ్లాసుల పాలు, చేపలు, ఆట, తొమ్మిది గంటల నిద్ర కావాలి. రాత్రి పన్నెండు దాకా చేతిలో ఫోన్ ఉంటే ముందు అది తీసేయండి.

పొట్టితనానికి ఒక చిన్న లెక్క ఉంది. తండ్రి ఎత్తు, తల్లి ఎత్తు కూడి, మగపిల్లాడికైతే 13 కలిపి రెండుతో భాగించండి. మీ ఆవిడ ఎత్తు రాయలేదు. 155 అనుకుంటే వాడు పెద్దయ్యాక 168కి అటూ ఇటూగా వస్తాడు. మగపిల్లల్లో ఎదుగుదల పొంగు కొందరికి పన్నెండింటికే వస్తే కొందరికి పదిహేనుకు వస్తుంది. ఇవాళ క్లాసులో చివర నిలబడ్డవాడు ఇంటర్‌కి వచ్చేసరికి మిమ్మల్ని దాటిపోవచ్చు. తలుపు పక్కన గోడ మీద పెన్సిల్ గీత పెట్టి తేదీ రాయండి, ఆరు నెలలకోసారి చూడండి. ఏడాదికి 4 సెంటీమీటర్లు కూడా పెరగకపోయినా, పద్నాలుగు నిండాక కూడా యుక్తవయసు లక్షణాలు మొదలవకపోయినా పిల్లల హార్మోన్ల డాక్టర్‌కి చూపించండి. నిజంగా లోపం ఉంటే పిల్లలకు ఇంజెక్షన్ అద్భుతంగా పనిచేస్తుంది. అది పరీక్షలన్నీ చేశాక ఆ డాక్టర్ తేల్చే విషయం.

మీ ఉత్తరంలో అసలు పాయింటు పట్టుకున్నది మీ ఆవిడ. గురక.

గ్రోత్ హార్మోన్ పెద్ద కెరటం గాఢనిద్రలో వస్తుందని చెప్పాను కదా. ఉలవపాడు నుంచి తడ దాకా సముద్రం పక్కన గుంటలు చేసే మనుషుల్లో సీజన్లో గాఢనిద్ర పోయేది ఎంతమంది? పదకొండింటికి మేత, ఒంటిగంటకు చెక్ ట్రే, కరెంటు పోతే జనరేటర్, తెల్లారగట్ల డీఓ. షెడ్డులో మంచం మీద వాలినా చెవి ఏరేటర్ శబ్దం మీదే ఉంటుంది. ఒకటి ఆగిపోతే వెంటనే మెలకువ వస్తుంది. దాని మీద మీకు గురక. 93 కిలోల మనిషికి అంత పెద్ద గురక ఉందంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు, స్లీప్ ఆప్నియా ఉందేమోనని అనుమానించాలి. గురక మధ్యలో కొన్ని క్షణాలు నిశ్శబ్దమై, తర్వాత ఉలిక్కిపడినట్టు పెద్ద శ్వాస తీస్తున్నారా అని మీ ఆవిడనే అడగండి, ఆమెకు తెలిసే ఉంటుంది. పొద్దున తల బరువు, పగలు బండి నడుపుతుంటే కునుకు, చొక్కా కాలరు 40 సెంటీమీటర్లు దాటడం, ఇవి కూడా గుర్తులే. నిద్ర చెడితే ఆకలి పెరుగుతుంది, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు, షుగర్ ఎక్కుతుంది, గాఢనిద్ర తరిగి మీరు వెతుకుతున్న ఆ హార్మోనే తగ్గుతుంది. హార్మోన్ టెస్టుకు పెట్టిన డబ్బు స్లీప్ స్టడీకి పెట్టి ఉంటే ఎంత బాగుండేది! ఛాతీ డాక్టర్ గానీ ఈఎన్‌టీ గానీ రాసిస్తారు. అవసరమైతే రాత్రిపూట ముక్కుకు గాలి మిషన్ పెడతారు.

వ్యాపారం మానేయమని నేను చెప్పలేను. ఈ హార్మోన్ గడియారం కంటే నిద్రకే ఎక్కువగా కట్టుబడి ఉంటుంది. పది గంటలకు పడుకున్నా, అర్ధరాత్రి దాటి పడుకున్నా నిద్ర పట్టిన మొదటి మూడు గంటల్లోనే ముఖ్యమైన కెరటం వస్తుంది. కాబట్టి రాత్రిని ముక్కలు చేసుకోకుండా, పనివాడితో వంతులు పెట్టుకుని నాలుగు గంటలు ఏకధాటిగా పడుకోండి, ఆ సమయంలో ఫోన్ వాడి దగ్గర పెట్టండి. కుదిరితే మధ్యాహ్నం ఇంకో గంటన్నర. వ్యాయామానికి వేరే ఖర్చు అక్కర్లేదు. పాతిక కిలోల మేత బస్తాలు ఎలాగూ ఉన్నాయి. మోకాళ్ళు వంచి, నడుం తిన్నగా పెట్టి వాటిని ఎత్తి దించడం వారానికి మూడు రోజులు చేస్తే కండ నిలుస్తుంది.

తిండికి వస్తే, మాత్రలు సర్దుకున్నాక మధ్యస్థంగా ఉండండి. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, రాత్రి దానికంటే కొంచెం తక్కువ. మొలకొలుకులైనా సన్న బియ్యమైనా కొలత అంతే. కప్పు అన్నంలో 40 గ్రాములకు పైగా పిండిపదార్థం ఉంటుంది. అన్నం మానేసి రాగిసంగటి తింటున్నాం కదా అని నిశ్చింతగా ఉండేవాళ్ళున్నారు. పీచు ఎక్కువే గానీ పిండిపదార్థంలో రాగులకీ బియ్యానికీ పెద్ద తేడా లేదు, అది కూడా ముద్ద చూసి తినాల్సిందే. నూనె, నెయ్యి అన్నీ కలిపి మూడు పెద్ద చెంచాలకు దించండి. కాఫీలో నెయ్యి ఎవరు కనిపెట్టారో గానీ మీకు అవసరం లేదు. ప్రోటీన్ మాత్రం తగ్గించకండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష బాగుంటే రోజుకు 80 గ్రాములకు తగ్గకుండా చూసుకోండి. వంద గ్రాముల రొయ్యల్లో దాదాపు 20 గ్రాములు ఉంటుంది, మీ గుంట సరుకే. బీర, సొర, పొట్ల, ఆకుకూరలు కడుపు నిండా తినండి.

చేపల పులుసు మానాల్సిన పనేమీ లేదు. నెల్లూరు జిల్లాలో పుట్టి అది మానమంటే నన్ను ఊళ్ళో ఉండనివ్వరు. ముక్కలు మూడు నాలుగు వేసుకోండి, ఉలవపాడు మామిడికాయ బద్ద ఒకటి ఉన్నా నష్టం లేదు. పులుసు రుచిగా ఉందని దాన్ని కలుపుకోవడానికి రెండోసారి అన్నం పెట్టించుకోవడం దగ్గరే అందరూ జారిపోయేది.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు మాత్రల అట్టలన్నీ, కోచ్ ఇచ్చిన పొడి డబ్బా ఏదైనా ఉంటే అదీ సంచిలో వేసుకుని వెళ్ళండి. పేర్లు నోటితో చెప్పడం కంటే అది మేలు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష), క్రియాటినిన్, యూరిక్ ఆసిడ్, థైరాయిడ్ చూపించుకోండి. మూడు నెలల కీటో తర్వాత కొందరికి చెడు కొలెస్ట్రాల్ బాగా ఎక్కి కూర్చుంటుంది, అది కూడా ఒక లెక్క తేలుతుంది. బొడ్డు దగ్గర టేపు పెట్టి నడుం చుట్టుకొలత రాసి పెట్టుకోండి. మన మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు దాటకూడదు. కాటా ముల్లు ఆగిన నెలల్లో కూడా ఆ టేపు దిగుతూ ఉండొచ్చు.